నొక్కు ఎక్కడ ఆగిపోయింది? మేమ్‌లో జాయ్‌స్టిక్, కీబోర్డ్ మ్యాపింగ్ చిక్కులు

పాత ఆర్కేడ్ ఆటలను కంప్యూటర్‌లో నడిపే ప్రోగ్రామ్ మేమ్‌లో 5 నొక్కితే కాయిన్ పడింది, 1 నొక్కితే ఆట మొదలైంది. కానీ జాయ్‌స్టిక్ ఎటు తిప్పినా బొమ్మ కదలదు. ఇలాంటప్పుడు చాలామంది ట్యాబ్ నొక్కి, ఇన్‌పుట్ మెనూలోకి వెళ్లి, ఉన్నవన్నీ చెరిపేసి మళ్లీ మొదటినుంచీ మ్యాప్ చేస్తారు. తప్పు అక్కడ లేనప్పుడు ఈ పనివల్ల అప్పటిదాకా సరిగ్గా ఉన్నవి కూడా చెడిపోతాయి. ఒక్క సమస్య కాస్తా రెండవుతుంది.

మీరు నొక్కిన నొక్కు ఆటకు చేరేలోపు చాలా చేతులు మారుతుంది. బటన్ కింద ఉన్న మైక్రోస్విచ్ నుంచి, నొక్కును కంప్యూటర్‌కు అర్థమయ్యేలా మార్చే ఎన్‌కోడర్ బోర్డుకు, అక్కడినుంచి యూఎస్‌బీ ద్వారా ఆపరేటింగ్ సిస్టమ్‌కు, దాన్నుంచి, సిస్టమ్ దగ్గర ఇన్‌పుట్ చదివే ప్రొవైడర్ అనే మేమ్ భాగానికి వెళ్తుంది. ఏ కీ నొక్కితే ఆటలో ఏ బటన్ పడాలో చెప్పే మ్యాపింగ్ పట్టిక దాని తర్వాతే వస్తుంది. చివరగా, అసలు ఆర్కేడ్ బోర్డులో ఆ వైరు తగిలే పోర్టులో ఒక బిట్ మారుతుంది. ముందు ఈ నొక్కు ఏ మెట్టు దగ్గర ఆగిపోయిందో కనుక్కోవాలి. రిపేరు సంగతి ఆ తర్వాత.

కనుక్కోవడానికి మూడు చోట్ల చూస్తే చాలు. మొదటిది ఆపరేటింగ్ సిస్టమ్. విండోస్‌లో రన్ బాక్స్ తెరిచి జాయ్.సీపీఎల్ అని కొడితే గేమ్ కంట్రోలర్ల జాబితా వస్తుంది. ప్రాపర్టీస్‌లో టెస్ట్ పేజీ ఉంటుంది. లైనక్స్‌లో ఆ పని ఈవీటెస్ట్ గానీ జేఎస్‌టెస్ట్ గానీ చేస్తుంది. ఇక్కడే బటన్ వెలగకపోతే మేమ్‌ను ముట్టుకోవద్దు; వైరు, స్విచ్, కేబుల్, డ్రైవర్ చూడండి. లైనక్స్‌లో అయితే మీ యూజర్‌కు ఇన్‌పుట్ పరికరాలు చదివే అనుమతి ఉందో లేదో కూడా చూడండి. రెండోది మేమ్. కొత్త వెర్షన్లలో ట్యాబ్ నొక్కి ‘ఇన్‌పుట్ సెట్టింగ్స్’లోకి వెళ్తే ‘ఇన్‌పుట్ డివైసెస్’ అనే పేజీ ఉంటుంది. ఒక్కో పరికరంలో ఏ బటన్, ఏ యాక్సిస్ (స్టిక్, ట్రిగ్గర్ లాంటివి కదిలే దారి) కదులుతోందో అప్పటికప్పుడు చూపిస్తుంది. మూడోది ఆట. ఎఫ్2 నొక్కితే చాలా ఆటలు సర్వీస్ మోడ్‌లోకి వెళ్తాయి. అందులో ఉండే ఇన్‌పుట్ టెస్ట్‌ను అప్పట్లో మెషీన్లు బాగుచేసేవాళ్ల కోసం పెట్టారు. మన పనికి కూడా అంతకంటే మంచి సాధనం దొరకదు. కొన్ని ఆటల్లో ఈ మోడ్ డిప్ స్విచ్ (ఆర్కేడ్ బోర్డు మీద సెట్టింగ్‌లు మార్చే చిన్న మీట) మారిస్తే గానీ రాదు.

సిస్టమ్‌లో వెలిగి మేమ్‌లో వెలగకపోతే తప్పు ప్రొవైడర్ దగ్గర ఉంది. మేమ్‌లో వెలిగి సర్వీస్ టెస్ట్‌లో రాకపోతే మ్యాపింగ్ దగ్గర. టెస్ట్‌లో కూడా చక్కగా వస్తుంటే ఆట నియమాన్నే మనం పొరబడ్డాం అనుకోవచ్చు. కాయిన్ చాలక స్టార్ట్ పనిచెయ్యకపోవడం, ఆ మెషీన్‌కు రెండో బటన్ అసలే లేకపోవడం లాంటివి ఈ కోవలోకి వస్తాయి.

మేమ్‌కు పరికరం అసలు కనబడకపోతే

ముందు మేమ్ సెట్టింగ్‌లుండే మేమ్.ఐఎన్‌ఐ ఫైల్లో ‘జాయ్‌స్టిక్’ అనే వరుస ఎదురుగా 1 ఉందో లేదో చూడండి. పాత వెర్షన్లలో ఇది మొదట్లో 0గా ఉండేది. ఏళ్ల తరబడి అదే ఐఎన్‌ఐ ఫైలు మోసుకొస్తున్నవాళ్లకు ఈ 0 అలాగే మిగిలిపోతుంది. మేమ్ ఏ సెట్టింగ్‌తో నడుస్తోందో సందేహమైతే కమాండ్ లైన్‌లో షోకాన్ఫిగ్ ఆప్షన్ ఇవ్వండి, మొత్తం చెప్తుంది.

తర్వాత ‘జాయ్‌స్టిక్‌ప్రొవైడర్’. విండోస్‌లో మామూలుగా విన్‌హైబ్రిడ్ ఉంటుంది. అంటే ఎక్స్‌ఇన్‌పుట్ అర్థమయ్యే ప్యాడ్‌ను ఎక్స్‌ఇన్‌పుట్‌తోనూ, మిగతావాటిని డైరెక్ట్‌ఇన్‌పుట్‌తోనూ చదువుతుంది. విండోస్‌లో ప్యాడ్లను చదివే ఈ రెండు పద్ధతులకూ తేడా తెలిసేది ట్రిగ్గర్ల దగ్గర. ఎక్స్‌బాక్స్ 360 తరహా ప్యాడ్‌ను డైరెక్ట్‌ఇన్‌పుట్‌లో చదివితే ఎడమ, కుడి ట్రిగ్గర్లు రెండూ కలిసి ఒకే జెడ్ యాక్సిస్‌గా వస్తాయి. ఒకటి ఒక పక్కకు లాగితే రెండోది అటుపక్కకు లాగుతుంది. రెండూ కలిపి నొక్కితే సున్నా. గ్యాస్, బ్రేక్ రెండూ ట్రిగ్గర్ల మీద పెట్టుకుని ‘కలిపి నొక్కితే ఏదీ పనిచెయ్యడం లేదు’ అనేవారి సమస్య ఇదే. ఎక్స్‌ఇన్‌పుట్‌లో అవి వేర్వేరు. అయితే ఎక్స్‌ఇన్‌పుట్‌కు నాలుగు కంట్రోలర్లే పరిమితి. ఐదో ప్యాడ్ కావాలంటే డైరెక్ట్‌ఇన్‌పుట్ వైపు వెళ్లక తప్పదు.

మేమ్ విండో మీద ఫోకస్ లేకపోయినా ఇన్‌పుట్ ఆగిపోతుంది. ఫ్రంట్‌ఎండ్ (ఆటల జాబితా చూపించి మేమ్‌ను పిలిచే ప్రోగ్రామ్) నుంచి ఆట తెరిచినప్పుడు ఫ్రంట్‌ఎండే ఫోకస్ పట్టుకుని కూర్చోవడం తరచూ జరుగుతుంది. మౌస్‌తో ఒకసారి ఆట మీద క్లిక్ చేస్తే అన్నీ పనిచేశాయంటే కారణం ఇదే.

మార్చినవి నిలవడం లేదంటే

మ్యాపింగ్ గురించి వచ్చే ఫిర్యాదుల్లో సగం నిజానికి ఫైళ్ల గొడవే. మేమ్ మూడు చోట్లనుంచి, ఈ వరుసలోనే, సెట్టింగ్‌లు చదువుతుంది. ముందు సీటీఆర్‌ఎల్‌ఆర్ ఆప్షన్‌లో చెప్పిన కంట్రోలర్ ఫైలు, తర్వాత సీఎఫ్‌జీ ఫోల్డర్‌లోని డిఫాల్ట్.సీఎఫ్‌జీ, చివరగా ఆట పేరుతో ఉన్న ఫైలు. ఆఖరున చదివినదే నెగ్గుతుంది. మెనూలో ‘జనరల్’ అని ఉన్న పేజీలో మార్చినవి డిఫాల్ట్.సీఎఫ్‌జీలోకి వెళ్తాయి, ‘దిస్ సిస్టమ్’ పేజీలో మార్చినవి ఆట ఫైల్లోకి వెళ్తాయి. ఎప్పుడో ఒక ఆటలో బటన్ 1 మార్చి మరిచిపోయి, ఇప్పుడు జనరల్‌లో ఎన్నిసార్లు మార్చినా ఆ ఒక్క ఆటలో రాకపోవడం వింతేమీ కాదు. ఆ ఆట సీఎఫ్‌జీ ఫైలును పక్కకు తీసి చూడండి. అందులో డిప్ స్విచ్ మార్పుల్లాంటివి కూడా ఉంటాయి కాబట్టి చెరిపెయ్యకుండా పేరు మార్చి పెట్టుకోవడం మంచిది.

ఫైలు ఆట పొట్టిపేరుతో ఉంటుందని గుర్తుంచుకోండి. మేమ్ లెక్కలో పక్‌మ్యాన్ అసలు సెట్టు, ప్యాక్‌మ్యాన్ దాని క్లోన్, అంటే అదే ఆటకు ఇంకో రూపం. ఒకదానికి పెట్టిన మ్యాపింగ్ రెండోదానికి రాదు, ఎవరి ఫైలు వాళ్లదే.

ఈ ఫైళ్లు రాసేది మేమ్ సవ్యంగా మూసుకున్నప్పుడే. టాస్క్ మేనేజర్‌తో చంపేసినా, ఫ్రంట్‌ఎండ్ బలవంతంగా ఆపేసినా మీరు మార్చినవి గాలికి పోతాయి. ఆట నడుస్తుండగా సీఎఫ్‌జీ ఫైలును నోట్‌ప్యాడ్‌లో దిద్దినా అంతే, మూసేటప్పుడు మేమ్ దాని మీద తన ప్రతిని రాసేస్తుంది. ఫోల్డర్‌కు రాసే అనుమతి లేకపోతే కూడా ఏదీ నిలవదు. ప్రోగ్రామ్ ఫైల్స్‌లో మేమ్ పెట్టుకున్నవాళ్లు దాన్ని వేరే ఫోల్డర్‌కు మార్చుకోవాలి. సీఎఫ్‌జీ ఫోల్డర్ దారి మామూలుగా మేమ్ నడుస్తున్న ఫోల్డర్‌ను బట్టి ఉంటుంది. ఫ్రంట్‌ఎండ్ వేరే ఫోల్డర్‌లో నిలబడి మేమ్‌ను పిలిస్తే అక్కడ ఇంకో సీఎఫ్‌జీ ఫోల్డర్ పుడుతుంది. విడిగా తెరిస్తే ఒక మ్యాపింగ్, ఫ్రంట్‌ఎండ్‌లో ఇంకో మ్యాపింగ్ కనిపించడానికి కారణం ఇది. ఐఎన్‌ఐలో సీఎఫ్‌జీ డైరెక్టరీకి పూర్తి దారి రాస్తే తీరిపోతుంది.

పాత వెర్షన్ నుంచి తెచ్చుకున్న ఆట ఫైల్లో ప్రతి ఇన్‌పుట్‌కూ పోర్టు ట్యాగ్, రకం, మాస్క్, డిఫాల్ట్ విలువ అని నాలుగు గుర్తులు ఉంటాయి. కొత్త వెర్షన్‌లో ఆ డ్రైవర్‌ను తిరగరాసి వీటిలో ఏదైనా మారిస్తే ఆ వరుస ఎవరికీ తగలదు. హెచ్చరిక కూడా రాదు. అప్పుడు ఆ ఆటకు మళ్లీ మ్యాప్ చెయ్యడమే మార్గం.

మెనూలోని వరుసను చదవడం

ట్యాబ్ మెనూలో ఒక వరుసను దగ్గరగా చూద్దాం. మొదటి ఆటగాడి బటన్ 1 ఎదురుగా ‘కీబోర్డ్ ఎడమ కంట్రోల్ ఆర్ జాయ్ 1 బటన్ 1’ అన్న అర్థంతో ఉంటుంది. ఆర్ అంటే ఏదో ఒకటి నొక్కితే చాలు. మధ్యలో ఆర్ లేకుండా రెండు పేర్లు పక్కపక్కన ఉంటే రెండూ కలిపి నొక్కాలని అర్థం. చాలామంది పొరపాటు ఇక్కడే చేస్తారు. కేటాయించేటప్పుడు వేలు జారి రెండు బటన్లు ఒకేసారి తగిలితే ఆ రెండూ కలిపి రాసుకుంటుంది. తర్వాత ఒక్కటే నొక్కితే ఏమీ జరగదు, మ్యాప్ మాత్రం ఉన్నట్టే కనిపిస్తుంది.

ఎంటర్ నొక్కగానే, మీరు ఏదీ ముట్టకుండానే వరుసలో ఏదో యాక్సిస్ పేరు వచ్చి పడితే ఆ యాక్సిస్ తనంతట తాను జరుగుతోందన్నమాట. అరిగిపోయిన స్టిక్ గానీ, క్యాలిబ్రేషన్ లేని పెడల్ గానీ అయ్యుంటుంది. ఐఎన్‌ఐలో జాయ్‌స్టిక్_డెడ్‌జోన్ విలువ పెంచండి. ఇప్పటి వెర్షన్లలో ఇది 0.15, అంటే మధ్యనుంచి 15 శాతం దాకా కదలికను లెక్కలోకి తీసుకోదు. 0.25 దాకా పెంచినా ఆటకు పెద్ద ఇబ్బంది ఉండదు. స్టిక్‌ను చివరిదాకా తోసినా పూర్తి విలువ రాకపోతే జాయ్‌స్టిక్_శాచురేషన్‌ను 0.85 నుంచి కొంచెం తగ్గించండి.

ఆర్ లాంటి ఇంకో మాట నాట్, అంటే దాని తర్వాతిది నొక్కి ఉండకూడదని. గేమ్‌ప్యాడ్‌లో సెలెక్ట్‌ను కాయిన్‌గా, స్టార్ట్‌ను స్టార్ట్‌గా, రెండూ కలిపి నొక్కితే ఆట మూసేలా పెట్టుకోవడం మామూలే. అలా పెడితే మూసే ప్రతిసారీ ఒక కాయిన్ పడి, ఆట కూడా మొదలవుతుంది. సీఎఫ్‌జీ ఫైల్లో స్టార్ట్ వరుసను ‘జాయ్ 1 స్టార్ట్ నాట్ జాయ్ 1 సెలెక్ట్’ అనే వరుసలో రాస్తే, సెలెక్ట్ పట్టుకుని ఉన్నంతసేపు స్టార్ట్ పనిచెయ్యదు.

కీబోర్డ్: మూడో కీ ఎందుకు మాయమవుతుంది

మేమ్ మామూలు కీలు ఇవి. మొదటి ఆటగాడికి బాణాల కీలు. బటన్ 1 నుంచి 6 వరకు వరుసగా ఎడమ కంట్రోల్, ఎడమ ఆల్ట్, స్పేస్, ఎడమ షిఫ్ట్, జెడ్, ఎక్స్. రెండో ఆటగాడికి పైకి ఆర్, కిందికి ఎఫ్, ఎడమకు డి, కుడికి జి. బటన్లకు ఏ, ఎస్, క్యూ, డబ్ల్యూ. కాయిన్లు 5, 6. స్టార్ట్‌లు 1, 2.

పైబాణం, ఎడమబాణం పట్టుకుని స్పేస్ కొడితే చాలా కీబోర్డుల్లో స్పేస్ పడదు. టెక్స్ట్ ఎడిటర్ తెరిచి ఇప్పుడే ప్రయత్నించి చూడవచ్చు. మేమ్ తప్పేమీ కాదిది. మామూలు కీబోర్డులో ప్రతి కీకీ సొంత వైరు ఉండదు. అడ్డం, నిలువు గీతల వల మీద కీలు కూర్చుని ఉంటాయి. ఒక దీర్ఘచతురస్రానికి నాలుగు మూలల్లో నాలుగు కీలు ఉన్నాయనుకోండి. మూడు మూలలు నొక్కితే కరెంటు ఆ మూడింటి గుండా చుట్టి వచ్చి నాలుగోది కూడా నొక్కినట్టే కనిపిస్తుంది. డయోడ్లు లేని చౌక కీబోర్డులు ఆ దొంగ నొక్కు రాకుండా మూడో కీనే వదిలేస్తాయి. మ్యాపింగ్‌తో ఇది పోదు, ఆ మూడు కీలు ఒకే దీర్ఘచతురస్రంలో పడకుండా వేరే కీ ఎంచుకోవాలి.

దీనికి తోడు యూఎస్‌బీ పరిమితి ఒకటుంది. కీబోర్డులు పంపే ప్రాథమిక రిపోర్టు 8 బైట్లు. మొదటి బైటులో కంట్రోల్, షిఫ్ట్, ఆల్ట్, విండోస్ కీలకు ఎడమ కుడి కలిపి 8 బిట్లు, రెండోది ఖాళీ, మిగిలిన ఆరింటిలో ఆరు మామూలు కీలు. ఏడో మామూలు కీకి చోటు లేదు. కంట్రోల్, ఆల్ట్, షిఫ్ట్‌లకు మాత్రం సొంత బిట్లు ఉన్నాయి. చాలా కీబోర్డుల్లో వాటి వైరింగ్ కూడా మిగతా కీలతో తగువు పెట్టుకోకుండానే ఉంటుంది. అందుకే మేమ్ మామూలు బటన్లను వదులుకోకపోవడమే మంచిదని నా అభిప్రాయం.

వాటివల్ల వచ్చే గొడవ ఆపరేటింగ్ సిస్టమ్‌ది. షిఫ్ట్ వరసగా ఐదుసార్లు కొడితే విండోస్ స్టిక్కీ కీస్ పెట్టె తెరుస్తుంది. రెండు భాషల కీబోర్డులు పెట్టుకున్న కంప్యూటర్‌లో ఎడమ ఆల్ట్, షిఫ్ట్ కలిస్తే భాష మారుతుంది. కొన్ని గ్రాఫిక్స్ డ్రైవర్లలో కంట్రోల్, ఆల్ట్, బాణం కలిస్తే తెరే తిరగబడుతుంది. ఆటలో కీలు మార్చే బదులు ఈ మూడు షార్ట్‌కట్‌లనూ సిస్టమ్ సెట్టింగ్‌లలో ఆపెయ్యండి.

ఇద్దరు ఒకే కీబోర్డు మీద ఆడటం మాత్రం మానుకోవాల్సిందే. రెండో ఆటగాడి ఎనిమిది అక్షరాలూ వలలో పక్కపక్కనే ఉంటాయి. ఆర్కేడ్ కంట్రోల్ ప్యానెల్ కట్టుకునేవాళ్లు ఐ-ప్యాక్ లాంటి ఎన్‌కోడర్ వాడితే ఒక్కో స్విచ్‌కూ ఒక్కో పిన్ ఉంటుంది, వల గొడవ లేదు. అది కంప్యూటర్‌కు కీబోర్డులా కనిపిస్తూ మేమ్ మామూలు కీలనే పంపుతుంది కాబట్టి మ్యాపింగ్ పని కూడా తప్పుతుంది. రెండో కీబోర్డే తగిలించినా, మేమ్ మామూలుగా అన్ని కీబోర్డులనూ ఒక్కటిగా కలిపేస్తుంది. విడివిడిగా చూడాలంటే మల్టీకీబోర్డ్ ఆప్షన్ 1 చెయ్యాలి. రెండు బటన్లు సరిగ్గా ఒకేసారి నొక్కాల్సిన ఆటల్లో దెబ్బ పడకపోతే స్టెడీకీ ఆప్షన్ ప్రయత్నించండి.

జాయ్ 1, జాయ్ 2 తారుమారు

కంప్యూటర్ ఆపి వేస్తే నిన్నటి జాయ్ 1 ఇవాళ జాయ్ 2 అవుతుంది. మేమ్‌కు ప్యాడ్ల సంఖ్యలు సిస్టమ్ చెప్పిన వరుసలో వస్తాయి, ఆ వరుసకు హామీ లేదు. దీనికి విరుగుడు కంట్రోలర్ ఫైలు. కమాండ్ లైన్‌లో వీ ఆప్షన్‌తో మేమ్ నడిపితే ప్రతి పరికరం ఐడీ రాసి చూపిస్తుంది. సీటీఆర్‌ఎల్‌ఆర్ ఫోల్డర్‌లో ఒక ఫైలు చేసుకుని, ఇన్‌పుట్ విభాగంలో మ్యాప్‌డివైస్ అనే ట్యాగ్ రాయాలి. డివైస్ దగ్గర ఆ ఐడీ, కంట్రోలర్ దగ్గర జాయ్‌కోడ్_1. ఐడీ మొత్తం అక్కర్లేదు, వేరేదానితో కలవని ముక్క చాలు. ఒకే మోడల్ జీరో డిలే ఎన్‌కోడర్ బోర్డులు రెండు ఉంటే పేరు, కంపెనీ సంఖ్యలు రెండింటికీ ఒక్కటే కాబట్టి, ఐడీలో తేడా వచ్చే చివరి భాగందాకా రాయాలి. ఆ తర్వాత యూఎస్‌బీ పోర్టులు మార్చకండి.

నాలుగు దిక్కుల ఆటలో ఎనిమిది దిక్కుల స్టిక్

ప్యాక్‌మ్యాన్, డాంకీ కాంగ్ మెషీన్లలో స్టిక్ నాలుగు దిక్కులకే కదిలేది. మన చేతిలో ఉన్నది ఎనిమిది దిక్కులది. మూలకు తోస్తే రెండు స్విచ్‌లు ఒకేసారి మూసుకుంటాయి. అప్పుడు మేమ్ ఏం చేస్తుందో తెలిస్తే ఈ సమస్య సగం తేలినట్టే. ఎడమకు పట్టుకుని ఉండగా పైకి కూడా తగిలిందనుకోండి. మేమ్ పాతదైన ఎడమను వదిలేసి, కొత్తగా వచ్చిన పైదిక్కునే తీసుకుంటుంది. మూల తిరగడానికి ఇది హాయిగా ఉంటుంది. కానీ చెయ్యి కాస్త వణికి పైస్విచ్ తగిలినా బొమ్మ అటే పోతుంది. మధ్యనుంచి నేరుగా మూలకు తోస్తే మేమ్ రెండింటిలో ఒకదాన్ని యాదృచ్ఛికంగా ఎంచుతుంది. ‘ఒక్కోసారి పనిచేస్తోంది, ఒక్కోసారి లేదు’ అనడం దీని వల్లే. మైక్రోస్విచ్ స్టిక్‌కు సరైన మందు కింద ఉండి స్టిక్ కదిలే దిక్కులను కట్టడి చేసే రెస్ట్రిక్టర్ ప్లేటును నాలుగు దిక్కులకు తిప్పుకోవడం.

అనలాగ్ స్టిక్ అయితే జాయ్‌స్టిక్_మ్యాప్ ఆప్షన్ ఉంది. మేమ్ స్టిక్ కదిలే చోటును తొమ్మిది అడ్డం, తొమ్మిది నిలువు గళ్లుగా విడదీసి, ఒక్కో గడికి ఒక దిక్కు ఇస్తుంది. సంఖ్యలు నంబర్ ప్యాడ్‌లో లాగానే: 8 పైకి, 4 ఎడమకు, 5 మధ్య, ఎస్ అంటే ఇంతకుముందున్న దిక్కునే పట్టుకుని ఉండమని. ఆటోలో ఉంచితే ఆటను బట్టి తానే ఎంచుకుంటుంది, దాదాపు ఎప్పుడూ అదే చాలు. ఇది డీ-ప్యాడ్‌కూ, స్విచ్ స్టిక్‌కూ వర్తించదు. క్యూబర్ట్ వేరే జాతి. అందులో నాలుగు దిక్కులూ మూలలవైపే; అసలు మెషీన్‌లో స్టిక్‌ను 45 డిగ్రీలు తిప్పి బిగించారు.

చక్రం, డయల్, ట్రాక్‌బాల్

ఔట్ రన్ స్టీరింగ్, అర్కనాయిడ్ డయల్, సెంటిపీడ్ ట్రాక్‌బాల్ లాంటివాటికి మెనూలో మూడు వరుసలుంటాయి: అనలాగ్, డెక్ (తగ్గించేది), ఇంక్ (పెంచేది). స్టిక్ యాక్సిస్‌ను అనలాగ్ వరుసలోనే పెట్టాలి. డెక్, ఇంక్ వరుసలు కీల కోసం. అక్కడ యాక్సిస్ పెడితే కొంచెం తిప్పినా స్టీరింగ్ చివరిదాకా లాక్కుపోతుంది. కీలతో ఆడేవాళ్లు అనలాగ్ సర్దుబాట్ల పేజీలో డిజిటల్ స్పీడ్ చూసుకోవాలి. కీ వదిలాక చక్రం మధ్యకు ఎంత వేగంగా రావాలో ఆటోసెంటర్ స్పీడ్ చెప్తుంది. అనలాగ్‌తో ఆడేవారికి ముఖ్యం సెన్సిటివిటీ. పెడల్ ముట్టకుండానే కారు పరిగెడుతుంటే రివర్స్‌ను మార్చి చూడండి.

కాయిన్ ఒక్కోసారే పడుతుంటే

మేమ్ ఇన్‌పుట్‌ను ఫ్రేముకు ఒకసారి చదువుతుంది. సెకనుకు 60 ఫ్రేముల ఆటలో అది దాదాపు 16.7 మిల్లీసెకన్లకు ఒకసారి. మాక్రో సాఫ్ట్‌వేర్ గానీ, కాయిన్ మెకానిజం గానీ అంతకంటే పొట్టి నొక్కు పంపితే రెండు చదువుల మధ్యలో పడి పోతుంది. నొక్కు నిడివిని 50 మిల్లీసెకన్ల దాకా పెంచి చూడండి. చేతితో నొక్కినప్పుడు ఎప్పుడూ పడి, మాక్రోతో అప్పుడప్పుడే పడుతుంటే ఇదేనని తేల్చుకోవచ్చు.

పాజ్ కీ పాత వెర్షన్లలో పీ, కొత్తవాటిలో ఎఫ్5. పీని ఆట బటన్‌గా వాడుకున్న పాత మ్యాపింగ్‌లు అందుకే గొడవ చేసేవి. మేమ్‌లో పాత కంప్యూటర్లు నడుపుతుంటే మీ కీలన్నీ ఆ కంప్యూటర్‌కే వెళ్తాయి. ట్యాబ్ కూడా మెనూ తెరవదు. స్క్రోల్ లాక్ ఒకసారి నొక్కితే తిరిగి మేమ్ చేతికి వస్తాయి.

రెట్రోఆర్క్ అనే ప్రోగ్రామ్‌లో మేమ్‌ను కోర్‌గా (దాని లోపల నడిచే ఎమ్యులేటర్‌గా) నడిపేవాళ్లకు పైన ఇంకో పొర ఉంటుంది. మీ ప్యాడ్ ముందు రెట్రోప్యాడ్ అనే ఊహా ప్యాడ్‌గా మారి, ఆ తర్వాతే కోర్‌కు చేరుతుంది. క్విక్ మెనూలోని కంట్రోల్స్‌లో ఏ, బీ తారుమారు చేసి, కోర్ లోపల ట్యాబ్ మెనూలో కూడా తారుమారు చేస్తే రెండూ కొట్టుకుపోయి ఏమీ మారనట్టే కనిపిస్తుంది. కీబోర్డుతో ఆడితే స్పేస్ కొట్టగానే ఆట పరుగెత్తడం రెట్రోఆర్క్ ఫాస్ట్ ఫార్వర్డ్ హాట్‌కీ పని. గేమ్ ఫోకస్ ఆన్ చేస్తే హాట్‌కీలు అడ్డురావు. ముందు రీమ్యాప్ ఫైలు తీసేసి, కోర్ మ్యాపింగ్‌ను డిఫాల్ట్‌కు తెచ్చి, అప్పుడు రెండు పొరల్లో ఒక్కదాంట్లోనే మార్చండి. ఒక ఆటకే మార్పు కావాలంటే రీమ్యాప్‌ను గేమ్ రీమ్యాప్‌గా భద్రపరచండి, కోర్ రీమ్యాప్‌గా కాదు.